స్పేస్‌బార్ కింద కాడి

కీబోర్డు కొనేవాళ్లంతా స్విచ్‌ల గురించే అడుగుతారు. బ్లూనా, రెడ్డా, బ్రౌనా? చెర్రీనా, గేటరానా? పోయిన వారం మనమూ అదే మాట్లాడుకున్నాం. కానీ వేలికి రోజూ చిరాకు తెప్పించేది, అర్ధరాత్రి ఇంట్లోవాళ్ల నిద్ర చెడగొట్టేది చాలాసార్లు స్విచ్ కాదు. దాని పక్కనే నక్కి కూర్చున్న ఇంకో భాగం. దాని పేరు స్టెబిలైజర్. ఫ్రిజ్ పక్కన గోడకి తగిలించే డబ్బా అనుకునేరు! ఇది కీబోర్డు లోపల ఉండే రెండు చిన్న ప్లాస్టిక్ గూళ్లు, వాటిని కలిపే ఒక వంచిన తీగ. అంతే.

దీని ఖరీదు మొత్తం కీబోర్డులో చిన్న భాగమే. అయినా ఏ రకం స్టెబిలైజర్ ఉందో చూడకుండా కొంటే తర్వాత మార్చుకోవడం ఒక్కోసారి అసాధ్యం. అందుకే ఈ వారం దీనికి కేటాయిద్దాం.

అసలు దీని పనేంటి?

మామూలు అక్షరం కీ వెడల్పుని ఒక యూనిట్ అంటారు. 19.05 మిల్లీమీటర్లు. ఎక్కువ బోర్డుల్లో స్పేస్‌బార్ 6.25 యూనిట్లు, అంటే దాదాపు 12 సెంటీమీటర్లు. ఇంత పొడుగు కీ కింద కూడా స్విచ్ ఒక్కటే, నట్టనడుమ. మీరు ఎడమ కొసన నొక్కారనుకోండి, పెళ్లి పందిట్లో బల్ల ఒక చివర లావుపాటి మావయ్య కూర్చున్నప్పుడు రెండో చివర లేచినట్టు కీ పక్కకి ఒరగాలి. ఒరగకుండా ఆపేది ఆ తీగ. ఒక కొస కిందికి దిగితే తీగ మెలితిరిగి రెండో కొసని కూడా దించుతుంది. జోడెద్దుల మెడ మీద కాడి లాంటిది. ఒక ఎద్దు అడుగేస్తే రెండోది వెయ్యక తప్పదు. కారు కింద రెండు చక్రాల మధ్య ఉండే యాంటీ రోల్ బార్ చేసే పని కూడా ఇదే.

స్పేస్‌బార్ కాక ఎంటర్, బ్యాక్‌స్పేస్, రెండు షిఫ్ట్‌లకీ ఇవి ఉంటాయి. ఆ నాలుగింటికీ 2 యూనిట్ల సైజే సరిపోతుంది. అంటే పక్కన నంబర్లు లేని బోర్డుకి మొత్తం అయిదు. నంబర్ల గడులున్న పెద్ద బోర్డుకి సున్నా, ప్లస్, ఆ పక్క ఎంటర్ కలిపి ఎనిమిది. 75 శాతం సైజు బోర్డుల్లో కుడి షిఫ్ట్ తరచుగా 1.75 యూనిట్లే ఉంటుంది, దానికి అవసరం లేదు. సెట్ కొనేముందు లెక్కపెట్టుకోండి.

రెండు కులాసా రకాలు

మొదటిది కాస్టార్ రకం. ఇందులో తీగ ప్లేటు మీద బయటికే కనపడుతుంది. కీక్యాప్ లోపల రెండు బుల్లి ప్లాస్టిక్ ముక్కలు దూర్చి, వాటి రంధ్రాల్లో తీగ తగిలిస్తారు. పాత ఫిల్కో మజెస్టచ్ బోర్డుల్లో ఉండేది ఇదే. ప్లాస్టిక్ రాపిడి తక్కువ కాబట్టి కీ దిగడం గట్టిగా, స్పష్టంగా ఉంటుంది. కష్టమల్లా కీక్యాప్ తీసేటప్పుడే. తీగని ఒడుపుగా విప్పాలి, మళ్లీ తగిలించాలి, ఆ ముక్క మంచం కిందకి దొర్లితే వెతుక్కోవాలి. కొత్తగా వచ్చే బోర్డుల్లో ఈ రకం దాదాపు కనపడదు.

రెండోది చెర్రీ రకం. ఇప్పుడు బజారంతా దీనిదే. తీగ చివరలు ప్లాస్టిక్ గూళ్ల లోపల దాగి ఉంటాయి. కీక్యాప్ మామూలు కీ లాగే పైకి లాగితే వచ్చేస్తుంది. పాత చెర్రీ వాటిలో కాడ కింద చిన్న పాదాల్లాంటివి ఉండేవి, కీ కిందికి తగిలినప్పుడు మెత్తగా ఉండాలని. ఆ మెత్తదనం కొంతమందికి తడి మట్టిలో అడుగేసినట్టుండి, కటింగ్ ప్లయరుతో కత్తిరించేసేవాళ్లు. ఇప్పుడొచ్చే చాలా సెట్లు ఆ పాదాలు లేకుండానే వస్తున్నాయి.

ఈ చెర్రీ రకంలోనే బిగించే పద్ధతిని బట్టి మూడు తెగలు. అసలు ఎంపిక ఇక్కడే.

ఒకటి, ప్లేటుకి బిగించేవి. స్విచ్‌లు కూర్చునే లోహపు ప్లేటుకే క్లిప్‌లా పట్టుకుంటాయి. తక్కువ ధర రెడీమేడ్ బోర్డుల్లో ఎక్కువగా ఇవే. పట్టు కాస్త వదులు, అందుకే గలగల.

రెండు, కింది సర్క్యూట్ బోర్డుకి కొక్కెంలా తగులుకునేవి. పట్టు నయం. కానీ కీక్యాప్ గట్టిగా లాగినప్పుడు ఒక్కోసారి గూడుతో సహా ఊడొస్తాయి.

మూడు, సర్క్యూట్ బోర్డుకి స్క్రూలతో బిగించేవి. డ్యూరాక్ లాంటి కంపెనీల సెట్లు ఇవే. కదలవు, ఊడవు. మంచి సెట్ వెయ్యి రూపాయల పైమాటే.

అయితే మూడోదే కొనేద్దామా? ఆగండి. రెండో, మూడో రకాలు పట్టాలంటే మీ సర్క్యూట్ బోర్డులో వాటికోసం రంధ్రాలుండాలి. లేకపోతే మీరు ఎంత పెట్టి కొన్నా అవి డబ్బాలోనే ఉంటాయి. ఇంకో మెలిక, ఇవి ప్లేటు కింద కూర్చుంటాయి. మార్చాలంటే ప్లేటు లేపాలి, అంటే స్విచ్‌లన్నీ తియ్యాలి. స్విచ్‌లు చేత్తో ఊడేవైతే ఆదివారం పూట గంట పని. టంకం వేసినవైతే ఎనభై ఏడు స్విచ్‌లకి రెండేసి కాళ్ల చొప్పున టంకం కరిగించుకుంటూ కూర్చోవాలి. ఆ పని మాత్రం పెట్టుకోకండి.

తెలుగు కొట్టేవాళ్లకి షిఫ్టే ప్రాణం

కీబోర్డుల గురించి రాసేవాళ్లు స్పేస్‌బార్ చప్పుడు గురించే పేజీలు నింపుతారు. వాళ్లు ఇంగ్లిష్ కొట్టేవాళ్లు. వాళ్లకి షిఫ్ట్ వాక్యానికి ఒకసారి. మనకలా కాదు.

కేంద్ర ప్రభుత్వం భారతీయ భాషలకి తెచ్చిన ఇన్‌స్క్రిప్ట్ అమరికలో అచ్చులు చాలావరకు ఎడమ చేతికి, హల్లులు కుడి చేతికి ఉంటాయి. క కొట్టే మీటకే షిఫ్ట్ కలిపితే ఖ. బ కి షిఫ్ట్ కలిపితే భ. ద కి ధ, ల కి ళ, స కి శ. మాట మొదట్లో వచ్చే అ, ఆ, ఇ, ఉ అన్నిటికీ షిఫ్ట్ కావాలి. ‘ఆ ఊరి ఆడపడుచు అన్నీ ఇచ్చింది’ అని కొట్టి చూడండి. అయిదు మాటల్లో అయిదు షిఫ్ట్‌లు! అదీ చిటికెన వేలితో, కీ కొసన. స్టెబిలైజర్ సరిగ్గా లేకపోతే కీ ఒరిగి ఇరుక్కుంటుంది. స్విచ్ పనిచేయాలంటే దాదాపు 2 మిల్లీమీటర్లు దిగాలి, ఒరిగిన కీ అంత లోతుకి దిగకుండానే ఆగిపోవచ్చు.

మా బాబాయి నెల్లూర్లో చిన్న డీటీపీ సెంటర్ నడుపుతాడు. దస్తావేజుల చిత్తు ప్రతులు, అర్జీలు, మీసేవ ఫారాలు. పోయిన ఏడాది ఒక పెద్దావిడ కూతురి పేర ఇల్లు రాస్తూ దస్తావేజు టైప్ చేయించుకుంది. ప్రింటు తీశాక మనవడు చదివి, “మా అమ్మ పేరులో ఒత్తు ఏదీ?” అన్నాడు. భ ఉండాల్సిన చోట బ. ప్రభావతి ప్రబావతి అయితే చప్పున కంటికి ఆనదు చూడండి, అలాంటి తప్పు. సంతకాలకి ముందు దొరికింది కాబట్టి సరిపోయింది. రిజిస్ట్రేషన్ అయిపోయి ఉంటే సవరణ దస్తావేజు, మళ్లీ ఖర్చు, మళ్లీ సాక్షులు. ఆధార్‌లో ఒకటి, ఇంటి కాగితంలో ఒకటి ఉంటే బ్యాంకువాడు లోను ఇస్తాడా?

బాబాయి నాకు ఫోన్ చేసి ఒకటే మాట. “రేయ్ అబ్బాయ్, నేను కొట్టా. అది పడలా.”

వెళ్లి ఎడమ షిఫ్ట్ ఊడదీస్తే, తీగ ఒక పక్క గూట్లోంచి జారిపోయి ఉంది. రెండో పక్క ఎర్రగా తుప్పు.

“ఏంది బాబాయ్ ఇది, పడవ లంగరు మాదిరి ఉండాదే!”

“ఆ పక్కన టీ కొట్టు, ఈ పక్కన దుమ్ము. ఇంక ఎట్టుంటది?”

స్విచ్‌లు ఊడే బోర్డే కాబట్టి ఆ సాయంత్రమే అయిదు స్టెబిలైజర్లూ మార్చాం. అప్పట్నుంచి ఆయన ఏ దస్తావేజైనా ప్రింటు తీసి, పేర్లలో ఒత్తులున్న అక్షరాల కింద పెన్సిల్ గీత పెట్టి చదివిస్తున్నాడు. ఆ అలవాటు కీబోర్డు మార్చడం కంటే మంచిది. రెండూ ఉంటే ఇంకా మంచిది.

ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టి తెలుగులోకి మార్చుకునేవాళ్లకి షిఫ్ట్ బాధ తక్కువ. కానీ వాళ్లకి స్పేస్ కొడితేనే మాట తెలుగులోకి మారుతుంది. వాళ్లు కొసన నొక్కినా దిగే స్పేస్‌బార్ చూసుకోవాలి.

సముద్రం పక్కన ఉన్నవాళ్లకి ఇంకో మాట

మాది మైపాడు దారి. మధ్యాహ్నం తిరిగిందంటే సముద్రం గాలి ఇంట్లోకొస్తుంది. హాయిగానే ఉంటుంది, కాకపోతే ఆ గాలితో ఉప్పు కూడా వస్తుంది. కిటికీ గొళ్లెం, సైకిల్ చైను, రొయ్యల గుంటల దగ్గర మోటారు పెట్టెలు, దేన్నీ వదలదు. గాలిలో తేమ 75 శాతం దాటితే మామూలు ఉప్పు నీళ్లు పీల్చుకుని కరగడం మొదలెడుతుంది. సముద్రపు ఉప్పులో ఉండే మెగ్నీషియం క్లోరైడ్‌కి అందులో సగం తేమ కూడా అక్కర్లేదు. ఇస్కపల్లి ఉప్పుమళ్ల దగ్గర బస్తాలు చెమ్మగా ఎందుకుంటాయో ఇదే కారణం. ఆ సన్నటి ఉప్పునీటి పొర తీగ మీద కూర్చుంటే ఉక్కు తుప్పు పట్టకేం చేస్తుంది? తుప్పు పట్టిన తీగ ప్లాస్టిక్ గూట్లో ఇసుక కాగితంలా రాసుకుంటుంది. ముందు గరగర, తర్వాత ఇరుకు.

బంగారు పూత తీగలని అమ్ముతారు. బంగారం తుప్పు పట్టదు, నిజమే. కానీ ఆ పూత చాలా పల్చన. రాపిడికి ఒకచోట లేచిపోతే ఆ చోట లోపలి ఉక్కు ఇంకా త్వరగా పోతుంది. పూత ఉన్నా లేకపోయినా గ్రీజు పెట్టాల్సిందే. కాస్టార్ రకంలో తీగ బయటికే ఉంటుంది కాబట్టి తీరం వెంబడి ఉన్నవాళ్లకి నేను దాన్ని చెప్పను.

గ్రీజు పెట్టే పద్ధతి

ముందు తీగని అద్దం మీద పెట్టండి. ఒక కాలు లేచి ఉంటే తీగ వంకరగా ఉన్నట్టు. ప్లయరుతో నెమ్మదిగా సరిచేయండి. గలగలకి సగం మందు ఇదే.

తర్వాత తీగ చివరలకి డైఎలెక్ట్రిక్ గ్రీజు. ఇది సిలికాన్ రకం, చిక్కగా ఉంటుంది, తేమని దగ్గరికి రానివ్వదు. బోర్డు విప్పే ఓపిక లేకపోతే మెడికల్ షాపులో సిరంజి కొని, కీక్యాప్ తీసి, తీగ దూరే చోట ఒక చుక్క పెట్టండి. గూడు లోపలి గోడలకి మాత్రం క్రైటాక్స్ 205 లాంటి పల్చటి పొర, బ్రష్‌తో. ఎక్కువ పెడితే కీ పైకి రావడానికి బద్ధకిస్తుంది. షిఫ్ట్ ఆలస్యంగా లేస్తే భ తర్వాత దీర్ఘానికి బదులు ఆ పడుతుంది, ‘భార్య’ కాస్తా ‘భఆర్య’ అవుతుంది!

కొబ్బరినూనె, కుట్టుమిషన్ నూనె వద్దు. నూనె జారిపోతుంది, దుమ్ము మిగులుతుంది. గూడు కింద బ్యాండెయిడ్ ముక్క అతికించే చిట్కా ఉంది, చప్పుడు తగ్గుతుంది. కానీ ఆ గుడ్డ చెమ్మ పీల్చుకుంటుంది, మన వైపు పల్చటి ఫోమ్ నయం.

మనకి పెద్ద వానలు అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా. కాబట్టి దసరా ముందొకసారి, సంక్రాంతి తర్వాత ఒకసారి తీగలు చూసుకుంటే చాలు. పని అయిపోగానే బోర్డు మీద ఒక గుడ్డ కప్పండి.

చివరికి ఏది?

ఇప్పటికే రెడీమేడ్ బోర్డు ఉంటే కొత్తవి కొనకండి. తీగ సరిచేసి గ్రీజు పెట్టండి, ఎక్కువమందికి అక్కడితో సరిపోతుంది. కొత్తగా కొంటుంటే స్విచ్‌లు ఊడేది, స్క్రూ రంధ్రాలున్నది చూడండి. మొదట్లో మామూలు స్టెబిలైజర్లతో ఉన్నా తర్వాత మార్చుకునే దారి ఉంటుంది. ఒక్కొక్క భాగం కొని మీరే కూర్చుకుంటుంటే మాత్రం స్క్రూ రకమే, వేరే ఆలోచన వద్దు.

షాపుకి వెళ్తే ఎడమ షిఫ్ట్‌ని ఎడమ కొసన, కుడి షిఫ్ట్‌ని కుడి కొసన పదేసి సార్లు నెమ్మదిగా నొక్కి చూడండి. రెండు కొసలూ కలిసి దిగాలి, కలిసి లేవాలి. తెలుగు పెట్టించి వరసగా పది భ లు కొట్టండి. పదిలో ఒక్క బ పడినా ఆ బోర్డు అక్కడే వదిలేసి రండి.

వచ్చే వారం కీక్యాప్‌లు: తెలుగు అక్షరాలు చెరిగిపోకుండా ఉండాలంటే ఏ ప్లాస్టిక్ కొనాలి?