గోడ మీద బొమ్మా, పెట్టెలో బొమ్మా?

ఇక్కడ మేము మామూలుగా రాసేది పాత ఫొటోల గురించి, చుట్టరికాల గురించి, రాజపాళయం నుంచి ఎవరు ఎప్పుడు ఏ ఊరికి పోయారనే లెక్కల గురించి. ఈసారి టీవీ గురించి రాస్తున్నాం. నవ్వకండి. సంక్రాంతి అయిన వారానికి మా హాల్లో ఉండే పాత టీవీకి ఒక నిలువు గీత వచ్చింది, తర్వాత రెండు గీతలు, ఆ తర్వాత అంతా నలుపే. దాని చోట ఏం పెట్టాలి అన్న మాట మీద మా ఇల్లు మూడు వారాలు రెండు కట్చిలుగా చీలిపోయింది. బెంగళూరులో, చెన్నైలో ఉద్యోగాలు చేసుకునే పిల్లలు ప్రొజెక్టర్ అన్నారు. ఊళ్ళో ఉండే పెద్దవాళ్ళం టీవీ అన్నాం.

మా మాట ముందే చెప్పేస్తాం. పగటిపూట ఇంట్లో అవ్వో తాతో ఒంటరిగా కూర్చునే ఇల్లు అయితే, టీవీకి బదులుగా చవక ప్రొజెక్టర్ కొనకండి. పిల్లలు ఎంత పోరినా సరే. దీనికి డబ్బు ఒక్కటే కారణం కాదు, బొమ్మ బాగుండదన్నది కూడా సగం కారణమే. మిగతా సగం మా భాష సంగతి.

మా అవ్వకు ఎనభై దాటింది. తెలుగు మాట్లాడుతుంది, చదవలేదు. తమిళం కొంచెం కూడబలుక్కుని చదువుతుంది, కళ్ళకు పొర తీయించిన తర్వాత అదీ మానేసింది. మేము తెలుగు వాళ్ళమని చెప్పుకుంటాం. విజయనగరం కాలంలో బయలుదేరి, మదురై నాయకుల కొలువు దాటి, ఈ కొండ కిందికి వచ్చామని మా పెద్దలు చెప్పేవారు. ఇన్ని తరాలు ఆ తెలుగు నోటి మీదే బతికింది, కాగితం మీద కాదు. 2006లో తమిళనాడులో తమిళం తప్పనిసరి చేస్తూ చట్టం వచ్చింది, ఆ ఏడాది ఒకటో తరగతితో మొదలైంది. దాన్ని తప్పుపట్టడానికి కాదు ఈ మాట, మా ఇంట్లో అంతకు ముందే చదువు తమిళంలోకి పోయింది. విచిత్రం ఏమిటంటే, అదే 2006లో గవర్నమెంటు ఇంటింటికీ ఉచితంగా కలర్ టీవీ పంచడం మొదలుపెట్టింది. 14 అంగుళాల పెట్టె. బళ్ళో ఉన్న కాస్త తలుపూ మూసుకున్న ఏడే, వీధిలో లేనివాళ్ళ ఇళ్ళకు కూడా తెలుగు వినిపించగల పెట్టె ఒకటి వచ్చింది. మేము అప్పుడు దీన్ని గమనించలేదు, ఇప్పుడు తేదీలు పక్కపక్కన పెట్టి చూస్తే తోస్తోంది.

1995లో జెమినీ, ఈటీవీ మొదలైన తర్వాతే మా ఇంట్లో పగటిపూట బయటివాళ్ళ తెలుగు వినబడింది. అంతకు ముందు తెలుగు అంటే మా చుట్టాల నోళ్ళే. "ఈ పిల్ల ఏమిటే 'ఉన్నాది' అనకుండా 'ఉంది' అని తుంచేస్తుంది" అని అవ్వ టీవీలో కోడళ్ళను వెక్కిరించేది. వెక్కిరిస్తూనే వినేది. 2019లో ట్రాయ్ కొత్త పద్ధతి తెచ్చి, ఏ ఛానెల్ కావాలో మీరే ఏరుకోండి, దేనికి డబ్బు దానికే కట్టండి అన్నప్పుడు, మా కేబుల్ ఆయన అలవాటుగా తమిళ ప్యాక్ వేసి పోయాడు. అవ్వ రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. అప్పుడే తెలిసింది మాకు, ఆ రెండు మూడు ఛానెళ్ళు ఇంట్లో ఒక మనిషి లాంటివని. మిల్లుకు పోయేవాళ్ళు మిల్లుకు, బడికి పోయేవాళ్ళు బడికి పోయాక, పొద్దున పది నుంచి సాయంత్రం నాలుగు దాకా ఆ ఇంట్లో తెలుగు మాట్లాడేది ఆ పెట్టె ఒక్కటే.

సరే, ప్రొజెక్టర్ సంగతికి వద్దాం. బెంగళూరు తమ్ముడు తన గదిలో ఉన్నదాన్ని బ్యాగులో పెట్టుకుని తెచ్చాడు, పది రోజులు వాడి చూడండి అని. పన్నెండు వేల లోపు కొన్న పెట్టె. అట్ట మీద ల్యూమెన్లు వేలల్లో రాసుంది. దాన్ని నమ్మకండి. ఆన్సి అనో ఐఎస్ఓ అనో రాసిన ల్యూమెన్లే లెక్క, ఆ మాట లేని అంకె ఎంత పెద్దదైనా వట్టిదే. ఈ ధరలో వచ్చే వాటికి నిజంగా ఉండేది రెండు మూడు వందలు. "1080పి సపోర్ట్" అన్న మాట కూడా అలాంటిదే. లోపలికి తీసుకోగలదు అని దానర్థం, గోడ మీద చూపేది అంత అని కాదు. నేటివ్ ఎంత అని అడగాలి.

ఇప్పుడు కాస్త లెక్క. వంద అంగుళాల బొమ్మ అంటే వెడల్పు సుమారు 2.2 మీటర్లు, ఎత్తు 1.25. అంటే 2.75 చదరపు మీటర్లు. 250 ల్యూమెన్ల వెలుగును అంత గోడ మీద పరిస్తే చదరపు మీటరుకు 90 మాత్రమే పడుతుంది, అంటే 90 లక్స్. కిటికీలు తెరిచిన హాల్లో పట్టపగలు గోడ మీద పడే వెలుగే అంతకు రెండు మూడింతలు ఉంటుంది. ప్రొజెక్టర్‌కు వెలుగు వేయడమే తెలుసు, నలుపు వేయడం రాదు. మీ గోడ ఎంత తెల్లగా కనిపిస్తుందో అదే దాని నలుపు. నిట్లలో చెప్పాలంటే, మామూలు టీవీ 250 దాకా ఇస్తుంది, ఈ గోడ మీద బొమ్మ 30కి లోపల. సినిమా హాల్లో తెరకు పెట్టుకున్న ప్రమాణం కూడా 48 నిట్లే, కానీ అక్కడ చీకటి ఉంది.

మా ఇంట్లో చీకటి ఎక్కడిది? మొదటి రోజు మధ్యాహ్నం అవ్వ సీరియల్ టైముకు తమ్ముడు సెట్‌టాప్ బాక్సు తగిలించి (ప్రొజెక్టర్‌లో ట్యూనర్ ఉండదు, అదొక్కటి వేరే పెట్టుకోవాల) గోడ మీద వేశాడు. "ఏమిరా ఇది, పట్టపగలే దెయ్యాల మాదిరి ఉండారు అందరూ" అంది అవ్వ. కిటికీలు మూశాం. మాసి నెల ఎండకే ఆ గది పొయ్యిలా అయ్యింది. ఫ్యాన్ పెంచితే ఫ్యాన్ హోరు, దాని కింద ప్రొజెక్టర్ లోపల తిరిగే చిన్న ఫ్యాన్ హోరు, ఈ రెండింటి మధ్య అవ్వకు మాట వినపడలేదు. ఆమెకు బొమ్మ కన్నా మాట ముఖ్యం. దానిలో ఉండే స్పీకరు గుప్పెడంత. ఇంకో స్పీకరు కొంటే సరిపోతుందన్నాడు తమ్ముడు. తెర కొనాలన్నాడు. స్టాండు కొనాలన్నాడు. పన్నెండు వేలు అలా అలా పద్దెనిమిది అయ్యేట్టు ఉంది. 2025 సెప్టెంబరు 22 నుంచి 32 అంగుళాలు దాటిన టీవీలకు జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి దిగింది, ప్రొజెక్టర్లకూ దిగిందనుకోండి. ఇరవై ఐదు వేల లోపల 43 అంగుళాల టీవీ గోడకు తగిలించి పోతున్నారు. తేడా అనుకున్నంత లేదు.

ఇంకో సంగతి, ఇది మా ఊరికే చెందింది. రాజపాళయంలో స్పిన్నింగు మిల్లులు ఎన్ని ఉన్నాయో మీకు తెలుసు. మిల్లు నుంచి వచ్చే మనిషి చొక్కా మీద, తల మీద దూది పోగులు తెస్తాడు. చవక ప్రొజెక్టర్ల లోపల అద్దాల భాగం పూర్తిగా మూసి ఉండదు, చల్లబడడానికి గాలి లాగుతూనే ఉంటుంది. ఆ గాలితో దుమ్ము పోతుంది, పోగు పోతుంది. పది రోజులకే బొమ్మ మూలన ఒక మసక చుక్క వచ్చింది. దాన్ని విప్పి తుడిచే మెకానిక్కు ఊళ్ళో దొరకలేదు. టీవీకి దొరుకుతాడు. తెర గుడ్డకు మాత్రం కొదవ లేదు, పక్కనే సత్రపట్టి ఉంది అని చిన్నాయన హాస్యం ఆడాడు. సత్రపట్టిలో నేసేది కట్టు కట్టే గాజు గుడ్డ, దాని మీద బొమ్మ వేస్తే వెనక వీధిలో వాళ్ళు కూడా చూడొచ్చు.

అసలు చిక్కు గోడే. మా హాల్లో వంద అంగుళాల ఖాళీ గోడ లేదు. ఉన్న పెద్ద గోడ నిండా పెద్దవాళ్ళ ఫొటోలు. తాతవాళ్ళ నాయన తలపాగాతో ఉండేది, ఆరుగురు అన్నదమ్ముల గ్రూపు ఫొటో, పెళ్ళిళ్ళు. ప్రొజెక్టర్ పెట్టాలంటే అవన్నీ దించాల. దించి ఎక్కడ పెడతారు అని అడిగితే పిల్లలు "స్కాన్ చేసి ప్రొజెక్టర్‌లోనే వేద్దాం" అన్నారు. ఆ మాటకు అమ్మ లేచి వంటింట్లోకి పోయింది, ఆ పూట మళ్ళీ హాల్లోకి రాలేదు.

ఇంతవరకు చదివితే మేము గెలిచామని అనుకుంటారు. తొమ్మిదో రోజు రాత్రి సంగతి కూడా చెప్పకపోతే అబద్ధం చెప్పినట్టే.

కొండ వెనక్కి సూర్యుడు తొందరగా దిగే ఊరు మాది, ఏడు గంటలకే మిద్దె మీద మంచి చీకటి. రెండు పంచెలు కలిపి కుట్టి తాడుకు కట్టాం. తమ్ముడు 1991 నాటి పెళ్ళి క్యాసెట్టును కంప్యూటర్లోకి మార్పించి తెచ్చాడు. వీడియో క్యాసెట్టులో ఉండే స్పష్టతే తక్కువ, కాబట్టి చవక ప్రొజెక్టర్ దానికి చేసే నష్టమేమీ లేదు. పక్క ఇళ్ళ వాళ్ళు కూడా వచ్చారు, ముప్ఫై మంది దాకా. తాత తెర మీదికి వచ్చాడు, సావడి ముందు నిలబడి ఎవరికో అన్నం పెట్టించమని చెయ్యి ఊపుతూ, మనిషంత ఎత్తున. పోయి పద్నాలుగేళ్ళు. అవ్వ కుర్చీలో ముందుకు వంగింది. తర్వాత ఒక్కొక్కరినీ చూపిస్తూ పేరు, చుట్టరికం, ఇప్పుడు ఎక్కడున్నారు, ఎవరు పోయారు అని చెప్పుకుంటూ పోయింది. మాలో ఎవరికీ తెలియని మనుషులు పదకొండు మంది తేలారు. ఇంట్లో తమిళంలోనే జవాబు చెప్పే ఏడేళ్ళ పిల్ల, "అవ్వా, ఆ ఎర్ర చీర ఆమె ఎవరు?" అని తెలుగులో అడిగింది. ఎవరూ నేర్పలేదు. తెలుగులో అడిగితేనే అవ్వ ఆగి జవాబు చెబుతుందని ఆ అరగంటలో కనిపెట్టింది.

మరుసటి రోజు ఓటు పెడితే అవ్వ "గోడ మీద బొమ్మే కావాల" అంది.

అయినా మేము టీవీ కొన్నాం. అవ్వ మాట కాదని కొన్నాం, అందుకు మా ఇంట్లో ఇప్పటికీ కొంచెం రుసరుస ఉంది. మా వాదన ఇది. మిద్దె మీద రాత్రి ఏడాదికి ఎన్నిసార్లు వస్తుంది? పొంగలికి, దీపావళికి, ఎవరిదైనా పెళ్ళికి. ఆడి నెలలో అయితే కనుమల గాలికి తెర తెరచాప అవుతుంది. మధ్యాహ్నం మాత్రం రోజూ వస్తుంది, మిగతా రోజులన్నీ అవ్వ ఆ హాల్లో ఒంటరిగా ఉంటుంది. ఆ రోజులకు టీవీ కావాల. ఆ ఒక్క రాత్రికి కావలసింది ఇంటింటికీ కొననక్కరలేదు. పెళ్ళి గంగాళాలు, జమఖానాలు ఎవరింట్లో కొంటారు? సావడిలో ఉంటాయి, కావలసినవాళ్ళు తెచ్చుకుని, కడిగి తిరిగి ఇస్తారు. ప్రొజెక్టర్ కూడా అటువంటి వస్తువే. 1949 నుంచి 1952 దాకా మద్రాసు రాష్ట్రాన్ని ఏలిన పి.ఎస్. కుమారస్వామిరాజా గారు ఈ ఊరివారే, తన ఇంటినే గాంధీ కళామండ్రానికి ఇచ్చేశారు. పది ఇళ్ళు కలిసి ఒక పెట్టె కొనుక్కోవడం మనకు పెద్ద సంగతా? పది ఇళ్ళు కలిస్తే చవకది కూడా అక్కరలేదు, నిజంగా వెయ్యి ఆన్సి ల్యూమెన్లు ఉన్నదే తీసుకోవచ్చు.

హోసూరులోనో కోయంబత్తూరులోనో షోలాపూరులోనో ఉండే మీకు మా మిద్దె, మా సావడి ఉండకపోవచ్చు. ఒక గది ఇల్లు, ఇద్దరూ ఉద్యోగాలు, రాత్రి మాత్రమే బొమ్మ చూసే ఇల్లు అయితే ప్రొజెక్టర్ కొనుక్కోండి, మేము అడ్డం రాము. మా పిల్లలు బెంగళూరులో చేస్తున్నది అదే, వాళ్ళ గదికి అది సరిపోయింది. ఊరి ఇంటికి కూడా అదే కొలత వేయడమే మేము కాదన్నది.

సావడిలో మాట ఎత్తాం. ఏడు ఇళ్ళు సరే అన్నాయి, మూడు ఇళ్ళు ఎవరింట్లో పెడతారు, పాడైతే ఎవరు కడతారు అని అడుగుతున్నాయి. ఇంకా తేలలేదు. టీవీలో అవ్వ సీరియల్ చక్కగా వస్తోంది, మాట వినపడుతోంది, కిటికీలు తెరిచే ఉన్నాయి. పోయిన ఆదివారం తమ్ముడు ఆ పెళ్ళి క్యాసెట్టును పెన్ డ్రైవులో వేసి టీవీలోనే పెట్టాడు. అవ్వ కాసేపు చూసి, "మీ తాత ఇంత చిన్నవాడైపోయాడేమిరా" అని లేచి పోయి పడుకుంది.