పాకీజ్‌గీ గడప దగ్గరే ఆగిపోతే ఎలా?

మన ఇళ్లలో సఫాయికి లోటు లేదు. ఫజర్ కాగానే అమ్మీ చీపురు పడుతుంది. దస్తర్‌ఖాన్ మీద ఒక్క మెతుకు మిగలనివ్వదు. వజూ లేకుండా ముసల్లా మీద నిలబడం. మరి అదే ఇంటి కచరాను క్యారీబ్యాగులో ముడివేసి వీధి చివరి నాలీలోకి విసిరేటప్పుడు చెయ్యి ఎందుకు ఆగదు? గడప లోపలిది పాకీజ్‌గీ, బయటిది మునిసిపాలిటీ అని ఏ ఆలిం ఫత్వా ఇచ్చాడు? దారిలో అడ్డంగా ఉన్న ముల్లు తీసేయడం కూడా ఈమాన్‌లో భాగమేనని చిన్నప్పుడే చదువుకున్నాం కదా. తీసేవాడికి సవాబ్ అయితే, తెచ్చి వేసేవాడికి ఏముంటుంది?

ఈ మాట అనగానే వచ్చే జవాబు నాకు తెలుసు. "మన మొహల్లా అంటే వాళ్లకి లోకువ భాయ్, బండి సరిగ్గా రాదు" అంటారు. ఇందులో నిజం లేకపోలేదు. ముస్లింలు ఎక్కువగా ఉండే బస్తీల్లో సదుపాయాలు తక్కువని 2006లోనే సచార్ కమిటీ రాసింది. పారిశుధ్యం, చెత్త నిర్వహణ మునిసిపాలిటీల పని అని 1992లో 74వ సవరణతో రాజ్యాంగంలోనే చేర్చారు. కనుక బండి రాని రోజున అడగడం మన హఖ్. 2022 ఏప్రిల్‌లో గూడూరును నెల్లూరు జిల్లా నుంచి తిరుపతి జిల్లాలో కలిపినప్పుడు ఎంత బహస్ చేసుకున్నాం! అందులో పదో వంతు జోష్ నాలీ గురించి చూపించామా? చాయ్ హోటల్లో తిట్టుకుంటే అది షికాయత్ అవ్వదు. కాగితం మీద రాసి, పది ఇళ్ల దస్తఖత్‌లు పెట్టించి, వార్డు సచివాలయంలో ఇచ్చి రసీదు తీసుకుంటేనే షికాయత్. అక్కడ పారిశుధ్యం కోసం ప్రత్యేకంగా ఒక కార్యదర్శి పోస్టే ఉంది.

కానీ బండి వచ్చిన రోజున మనం ఏమిస్తున్నాం? కూర తొక్కలు, బిడ్డ డైపరు, పగిలిన గ్లాసు, చాచాకి వేసిన ఇన్సులిన్ సూది, అన్నీ ఒకే సంచిలో. తడి, పొడి, ప్రమాదకరమైన చెత్త మూడూ వేరు చేసి ఇవ్వాలని, రోడ్డు మీద పారేయకూడదని, తగలబెట్టకూడదని 2016 నాటి ఘన వ్యర్థాల నిబంధనలు మనకే చెప్పాయి. ఆ సంచిని విప్పేది ఎవరు? సఫాయి పనిచేసే అక్క. ఆమెకు గ్లౌజులు, మాస్కు, బూట్లు ఇప్పించాల్సింది సర్కారు. అవి ఉన్నా సూది గుచ్చుకోకుండా ఆగుతుందా? ఆమె వేలికి తెగిన గాయం హుఖూఖుల్ ఇబాద్ లెక్కలోకి రాదా? అల్లాహ్ హఖ్‌లో తప్పు చేస్తే తౌబా ఉంది. మనిషి హఖ్‌లో తప్పు చేస్తే ముందు ఆ మనిషే మాఫ్ చెయ్యాలి.

ఆమె సంగతి అలా ఉంచండి, మన పిల్లల సంగతి చూడండి. మన తీరానికి పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. క్యారీబ్యాగులతో బిగుసుకున్న నాలీ అప్పుడే పొంగుతుంది. నాలీ పక్కన పోయే నల్లా పైపుకు ఎక్కడ చిన్న చిల్లున్నా మురికి లోపలికి దూరి దస్తులు, టైఫాయిడ్ వస్తాయి. మురికి నీటిలో క్యూలెక్స్ దోమ పుడుతుంది. డెంగీ తెచ్చే ఏడిస్ దోమకు మురికి కూడా అక్కర్లేదు. పారేసిన కొబ్బరి చిప్పలో, టైరులో, టీ కప్పులో నిలిచిన వాన నీళ్లు చాలు. గుడ్డు నుంచి దోమ కావడానికి 8 నుంచి 10 రోజులు. కుప్పకు నిప్పు పెడితే పీడ పోతుందనుకుంటే అది ఇంకో ముసీబత్. ప్లాస్టిక్ పొగలో డయాక్సిన్ల వంటి విషాలుంటాయి. దమ్ము ఉన్న నానీ, ఉయ్యాల్లో బిడ్డ ముందుగా పీల్చేది ఆ పొగనే.

"ఇవన్నీ అమెరికాలో కుదురుతాయి, మన ఊళ్లలో కాదు" అనేవాళ్లు సూర్యాపేట సంగతి వినాలి. 2003 ప్రాంతంలో, అప్పటి నల్గొండ జిల్లాలోని ఆ ఊళ్లో మునిసిపల్ కమిషనర్‌గా ఉన్నది ఎస్.ఎ. ఖాదర్ సాహెబ్. సుమారు లక్ష జనాభా. ఇంటింటికీ తిరిగి తడి, పొడి వేరుగా తీసుకోవడం మొదలుపెట్టించారు. తడి చెత్త వానపాముల ఎరువైంది, పొడి చెత్త అమ్ముడుపోయింది, వీధి కుండీల అవసరమే లేకుండా పోయింది. మన తెలుగు ఊరే, మన జనమే. రెండు బకెట్లు పెట్టడానికి కోట్ల బడ్జెట్ కావాలా?

అసలు పొడి చెత్త విలువ మనకంటే బాగా ఎవరికి తెలుసు? అట్టలు, ఇనుము, ప్లాస్టిక్ కొనే కబాడీ పని మనలో ఎన్నో ఇళ్ల రోజీ. కూర నీళ్లలో తడిసిన అట్టను ఏ కబాడీ భాయ్ కొంటాడు? కలిపి పారేస్తే ఎరువూ కాదు, పైసా రాదు. మిగిలేది గందగీ ఒక్కటే.

ఇక మసీదు కమిటీ పెద్దలకు అదబ్‌తో ఒక మాట. వజూఖానాకు టైల్స్ మార్చడానికి చందాలు ఎత్తుతారు, మంచిదే. గోడ అవతలి కుప్ప గురించి ఒక్క జుమా ఖుత్బాలో చెప్పించలేరా? శుక్రవారం డ్రైడే అని సర్కారే అంటోంది. జుమా గుస్ల్‌కు ముందు కూలర్, డ్రమ్ము, పూలకుండీ పళ్లేలు ఖాళీ చేస్తే దోమ పుట్టే లోపే దాని ఖిస్సా ఖతం. బక్రీద్‌కు ముందే ఖుర్బానీ వ్యర్థాల బండి కోసం దరఖాస్తు ఇవ్వండి. ఇబాదత్ చేసి దాని పేగులు కాలవలో పడేస్తే పొరుగువాడికి మిగిలేది వాసనే.

మునిసిపాలిటీని నిలదీయండి, తప్పకుండా నిలదీయండి. కానీ చేతిలో ముడివేసిన క్యారీబ్యాగు పెట్టుకుని నిలదీస్తే ఆ అడగడానికి వజన్ ఉండదు. ఈ రాత్రికే ఇంట్లో రెండో బకెట్ పెట్టండి. సూదులకు, గాజుపెంకులకు ఒక పాత డబ్బా వేరుగా ఉంచండి. రేపు బండి వస్తే వేరుగా ఇవ్వండి. రాకపోతే ఎల్లుండి పది దస్తఖత్‌లతో వెళ్లి అడగండి.