ఫిరంగి వెనక వంట బోగీ

రైలు ఫిరంగి మోడల్ అనగానే అందరి కళ్లూ గొట్టం మీదే పడతాయి. పడవు మరి! రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్లు వాడిన క్రుప్ కె5 గొట్టమే 21 మీటర్ల పైచిలుకు. మొత్తం బరువు 218 టన్నులు. 255 కిలోల గుండును 60 కిలోమీటర్ల అవతలికి విసిరేది. 1/35 స్కేల్లో గొట్టం ఒక్కటే 60 సెంటీమీటర్లు. ఇంట్లో పెట్టే చోటేదీ? అందుకే నాలాంటివాళ్లం 1/72 కిట్‌తో సర్దుకుంటాం.

ఇక్కడో మెలిక ఉంది. అసలు పట్టాల మధ్య దూరం 1435 మి.మీ. 1/72లో అది దాదాపు 20 మి.మీ. అవుతుంది. ఎక్కువగా దొరికే హెచ్‌ఓ ట్రాకేమో 16.5 మాత్రమే. బండి నడపాలనుంటే మొదటి నుంచీ అన్నీ 1/87లోనే తీసుకోండి. కదలకుండా షెల్ఫులో ఉంచాలంటే 1/72 చాలు. రెండూ కలపొద్దు.

గొట్టం అతికించేశాక చాలామంది ఆపేస్తారు. నన్నడిగితే అసలు పని అప్పుడే మొదలవుతుంది. ఈ ఫిరంగి పక్కకి ఒకట్రెండు డిగ్రీలకు మించి తిరగదు. గురి మార్చాలంటే వంపు పట్టాలు వేసి బండినే ముందుకీ వెనక్కీ జరపాలి, లేదా టర్న్‌టేబుల్ ఎక్కించాలి. గుండ్లకో వ్యాగన్, మందుకో వ్యాగన్, సిబ్బంది పడుకోడానికి బోగీలు, విమానాల్ని కొట్టే తుపాకులు, వంట బోగీ... ఇవన్నీ లేకపోతే అది 218 టన్నుల ఇనుము, అంతే.

పైగా ఇవి చవక. మామూలు గూడ్స్ పెట్టె కిట్ కొని, ఇయర్‌బడ్ పుల్ల ముక్కని పొగగొట్టంగా నిలబెడితే వంట బోగీ రెడీ. థర్మాకోల్‌తో సొరంగం చేయండి. ఎందుకంటే 1944లో ఇటలీలోని ఆంజియో దగ్గర రాబర్ట్, లియోపోల్డ్ అనే రెండు కె5లు పేల్చడం అవగానే సొరంగంలోకి దూరిపోయేవి. తీరంలో గుంతలు తవ్వుకుని దాక్కున్న మిత్రపక్ష సైనికులకు ఆ గుండ్లు ఎక్కణ్నుంచి వస్తున్నాయో అంతుపట్టేది కాదు. వాళ్లు పెట్టిన పేరే ‘ఆంజియో యానీ’. జూన్‌లో రెండూ చివిటావెక్యా దగ్గర దొరికాయి. లియోపోల్డ్ ఇప్పుడు అమెరికాలో ఉంది.

ఒట్టి ఫిరంగిని చూస్తే ‘వావ్’ అంటాం. పక్కన గిన్నెలు తోముతున్న బొమ్మ మనిషిని పెట్టి చూడండి. దీన్ని పేల్చింది అన్నం తిని పడుకునే మనుషులేనని, గుండు పడిందీ అలాంటివాళ్ల మీదేనని తెలుస్తుంది. అందుకే ఈసారి కిట్ కొంటే, వంట బోగీతో మొదలుపెట్టండి.