తెరమీది మీనములు, కొల్లేటి మీనములు

టెలివిజన్ తెరపై వింతచేపల కథలకు గల ఆకర్షణ ఇంతింత గాదు. 2009లో అనిమల్ ప్లానెట్ ఛానెలులో ఆరంభమై 2017 వరకు సాగిన 'రివర్ మాన్‌స్టర్స్' చిత్రమాలయే యిందుకు నిదర్శనము. జెరెమీ వేడ్ అను ఆంగ్లేయుడు గాలము చేతబట్టి దేశదేశముల నదులను గాలించెను. భారత నేపాళముల సరిహద్దున పారు కాళీనదిలో, స్నానమునకు దిగినవారిని ఏదో జలభూతము లోనికి లాగుచున్నదను వదంతి వెంట బోయి, గూంచ్ అను మహాకాయ మత్స్యమును పట్టి చూపెను. ఇట్టి చిత్రములను రెప్పవాల్చక చూచు పిల్లలకు ఏలూరులోను, తాడేపల్లిగూడెములోను కొదువ లేదు. అమెజాను నదిలోని అరపైమా పేరు తడుముకొనక చెప్పగల బాలుడు, తన జిల్లా నీటిలోని గొరకను గుర్తింపలేడన్నచో ఆ లోపము బాలునిది గాదు. దానిని అతనికి చూపని పెద్దలది.

కొల్లేటి సీమకు వింతలు కరవా? గొరకనే చూడుడు. మొప్పలకు తోడు గాలి పీల్చుకొను ప్రత్యేకావయవము దాని తలలో గలదు. నీరు వట్టిపోయినపుడు ముండ్లుగల మొప్పరెప్పలను నేలకు ఆనించి, ఒక గుంటనుండి మరియొక గుంటకు ప్రాకిపోవును. తరంగంబాడిలోని డేనిష్ సైనికోద్యోగి డాల్డార్ఫ్, అది తాటిచెట్టు నెక్కుట చూచితినని వ్రాయగా 1797లో లండనులో ప్రకటింపబడినది. చెట్టెక్కుట మాట యెట్లున్నను, నేలపై నడచుట మాత్రము నిజము. కొర్రమీను తన పిల్లల గుంపును కనిపెట్టుకొని తిరుగును. ఇక పండుగప్ప మగదిగా పెరిగి, పిదప ఆడదిగా మారును. మంచినీట పెరిగినను సంతానమునకై ఉప్పునీటికి దిగవలసినదే. కొల్లేటి నీటిని సముద్రమునకు చేర్చు ఉప్పుటేరు ఇట్టి మీనములకు రాకపోకల బాట. పురాణకథకు చాలినంత వింత ఇందున్నది.

భాషాభిమానులు మరువరాని సంగతి మరియొకటి కలదు. ఈస్టిండియా కంపెనీ కొలువులోని వైద్యుడు పాట్రిక్ రస్సెల్, విశాఖపట్టణమున సేకరించిన రెండువందల చేపల వర్ణనలను, చిత్రములను 1803లో ప్రకటించెను. అందు స్థానికుల నోటి పేర్లను శ్రద్ధగా చేర్చెను. వాలుగ అనుమాటయే శాస్త్రజ్ఞుల చేతిలో 'వల్లగో' యైనది. నేటికిని లోకమంతట ఆ చేపకు అదియే శాస్త్రనామము. జాలరి నోటి తెలుగుమాట విశ్వవిజ్ఞానమున నిలిచినది; ఆ జాలరి సీమలోని బడిపిల్లలకు మాత్రము దూరమైనది.

ఇది కేవలము పేర్ల గొడవ గాదు. చెరువుల సాగు వ్యాపించిన కొలది బొచ్చె, శీలావతి వంటివే చేపలుగా లెక్కకు వచ్చినవి. వానిని మ్రింగు వాలుగ, కొర్రమీను, వాని మేతలో పాలుకోరు గొరక, కలుపు చేపలైనవి. చెరువును సిద్ధపరచునపుడు ఇప్పపిండి చల్లి వీనిని తొలగించుట సాగులో ఒక పద్ధతి. రైతును తప్పుపట్ట బనిలేదు. అది అతని బ్రతుకు తెరువు. కాని చెరువున చోటులేని చేపకు సరస్సునందైనను చోటుండవలదా? కొల్లేరు 1999లో అభయారణ్యముగా ప్రకటింపబడినది. 2002లో రామ్‌సార్ ఒడంబడిక జాబితాకెక్కినది. 2006లో సరస్సులోని చేపలచెరువుల గట్లను ప్రభుత్వము తెగగొట్టించినది. ఈ చర్చలన్నిట కొంగలకు పేరు వచ్చినది. ఆటపాకలో గూడబాతులను చూడ యాత్రికులు వత్తురు. ఆ పక్షులు తిను చేపను గూర్చి అడుగువారు అరుదు.

కావున తెలుగున చక్కని చిత్రములు రావలసియున్నది. దూరదర్శన్ విజయవాడ కేంద్రము పూనుకొనవచ్చును. ఏలూరు కళాశాలలలోని జంతుశాస్త్ర, తెలుగు శాఖలు చేతులు కలిపి, లంకగ్రామముల వృద్ధజాలరుల నుండి చేపల పేర్లు, వలల పేర్లు, ఊతలు, మావులు పన్ను రీతులు వ్రాసికొనవచ్చును. ఇందుకు కావలసినది ధనముకంటె ముందు శ్రద్ధ. అయితే ఆ చిత్రములు చేపను భూతముగా చూపి భయపెట్టరాదు; చేపను చూపి మనిషిని మరుగుపరుపను రాదు. 2006లో గట్లు తెగినపుడు జీవనాధారము కోల్పోయిన కుటుంబముల కథ లేని కొల్లేటి చిత్రము సగము చిత్రమే.

తెరమీది దూరదేశపు చేప కనులకు విందు. కాని తన నీటిని తానెరుగని జాతి, ఆ నీటిని కాపాడుకొనలేదు. పేరు తెలియని ప్రాణి నశించినపుడు, నశించినదని చెప్పుటకైనను ఎవరును మిగులరు.