వినబడని ధ్వని

అల్ట్రాసౌండు పరీక్ష యనగానే మన ఇండ్లలో గర్భిణియే స్ఫురించును. గర్భస్థ శిశువును చూచుటకే ఆ యంత్రము పుట్టినదని పెక్కుమంది తలంపు. చరిత్ర వేరుగా చెప్పుచున్నది.

స్కాట్లండులోని గ్లాస్గో నగరమున అయాన్ డొనాల్డు అను ప్రసూతివైద్యాచార్యుడు ఉండెను. లోహములోని పగుళ్ళను ధ్వనితరంగములతో కనిపెట్టు యంత్రము ఆ ప్రాంతపు బాయిలర్ల కర్మాగారమున ఉండెను. 1955లో ఆయన, శస్త్రచికిత్సలో తీసిన గడ్డలను అచటికి కొనిపోయి పరీక్షించెను. నీటిగడ్డ ఒక తీరునను, గట్టిగడ్డ మరొక తీరునను ప్రతిధ్వనించినవి. జాన్ మక్‌వికార్ అను వైద్యుడు, టామ్ బ్రౌన్ అను ఇంజనీరు ఆయనకు తోడైరి. 1958 జూన్‌లో ‘లాన్సెట్’ పత్రికలో వారు ప్రకటించిన వ్యాసము ఉదరములోని గడ్డలను గూర్చినదే. నయముకాని కాన్సరని వైద్యులు ఆశ వదలుకొన్న ఒక స్త్రీకి ఉన్నది నీటిగడ్డయని ఆ యంత్రము సూచించెను. అండాశయమునుండి దానిని తొలగింపగా ఆమె బ్రదికెను.

సెకనుకు 20,000 కంపనములు మించిన ధ్వనిని మనిషి చెవి వినజాలదు. ఈ పరీక్షలోని ధ్వనికి కంపనములు పదిలక్షలకు పైమాటే. అది అవయవములకు తగిలి మరలివచ్చును. ఆ ప్రతిధ్వనులే బొమ్మయగును. పొట్టపైనుండి చేయు పరీక్షకు నీరు త్రాగి రమ్మనుట ఇందులకే: పేగులలోని వాయువు ధ్వనికి అడ్డు, నిండిన మూత్రాశయము దానికి దారి.

ఇట్టి సాధనము మన దేశమున ఆడశిశువును పుట్టకముందే తొలగించుటకు తోడ్పడెను. లింగనిర్ధారణను నిషేధించుచు 1994లో చట్టము వచ్చినది. అయినను ఆరేండ్లలోపు బాలురు వేయిమందికి, 1991లో 945గా నున్న బాలికల సంఖ్య 2001 నాటికి 927కు తగ్గెను. చట్టమొక్కటే చాలదని ఈ అంకెలే సాక్ష్యము.

రెండవ హాని అంతగా కంటికి కనబడదు. ఈ పరీక్ష గర్భమునకే యను భ్రమవలన, పెండ్లికాని బాలిక లోకనిందకు వెరచి నొప్పిని దాచుకొనును. ముట్టుడిగిన పిమ్మట రక్తము కనబడినను వృద్ధురాలు నోరు మెదపదు. గర్భాశయపు గడ్డలను, దాని లోపొర మందగించుటను చూపగల సాధనము ఊరనుండియు వారికి లేనట్లే. ఈ పరీక్ష సర్వజ్ఞమని కాదు. గర్భాశయ ముఖద్వారపు కాన్సరును ముందుగా పసిగట్టుటకు వేరు పరీక్షలు గలవు. గడ్డ స్వభావము తేల్చుటకు ఒక్కొక్కప్పుడు ముక్క తీసి చూడవలసియుండును. అయినను మొదటి చూపు దీనిదే కావచ్చును.

ప్రతిధ్వని పాఠమున ఉపాధ్యాయులు గబ్బిలమును, సముద్రపు లోతును ఉదాహరింతురు. గ్లాస్గో స్త్రీ కథను గూడ అందు చేర్చవలెను. అది విన్న బాలిక, తల్లి బాధను దాచుకొన్ననాడు, సిగ్గుపడక ఆసుపత్రికి పదమనగలదు.