1928 నంద్యాల గుర్తుందా?

ఊరి పేరు మార్చాలన్న మాట లేచిందంటే చాలు, ఇరుపక్షాలూ శాసనాలు, ఫర్మానాలు, నాణేలు పట్టుకుని బయల్దేరతాయి. హైదరాబాద్ ముందా, భాగ్యనగరం ముందా? నిజామాబాద్ కన్నా ఇందూరు ఎంత పాతది? పాతదే అసలుదని, అసలుదే మనదని ఇద్దరూ ముందే ఒప్పేసుకుని, ఆ తర్వాత కొట్లాడుకుంటున్నారు. నాకు చిరాకు అక్కడే. పేరుకు హక్కు దాని వయసును బట్టి రాదు. రుజువు కావాలంటే కాశీ దాకా పోనక్కర్లేదు, నంద్యాల దాకా వస్తే చాలు.

రాయలసీమ అన్న పేరు కృష్ణదేవరాయలకు తెలియదు. ఆయన 1529లో పోయాడు. ఆ పేరు పుట్టింది 1928 నవంబరులో, అంటే 399 ఏళ్ల తర్వాత. నంద్యాలలో ఆంధ్ర మహాసభతో పాటు కడప కోటిరెడ్డి అధ్యక్షతన దత్త మండలాల సమావేశం జరిగింది. అందులో చిలుకూరి నారాయణరావు ఈ పేరు ప్రతిపాదించారు. (ఆ ఘనతను చాలాకాలం గాడిచర్ల హరిసర్వోత్తమరావు ఖాతాలో వేశాం. వందేళ్లు నిండని సంగతే మనకు సరిగా గుర్తుండదు, వెయ్యేళ్ల నాటి పేర్ల మీద మాత్రం ప్రమాణాలు చేస్తాం!) అంతకుముందు 128 ఏళ్లు ఆ నేల దత్త మండలమే. 1800లో కంపెనీ సైన్యం ఖర్చు కింద నిజాం రాసిచ్చేసిన భూమి అది. ఒకరు ఇస్తే ఇంకొకరు పుచ్చుకున్న సొత్తుగా పిలిపించుకోవడం అక్కడివాళ్లకు అవమానమనిపించింది. కూచున్నారు, మాట్లాడుకున్నారు, తమకు తామే పేరు పెట్టుకున్నారు. ఏ దొర జీవో కోసమూ ఎదురుచూడలేదు. తొమ్మిదేళ్లు తిరిగేసరికి, 1937లో కోస్తా, సీమ నాయకులు రాసుకున్న శ్రీబాగ్ ఒడంబడికలో ఆ పేరే నిలిచింది.

1953లో బళ్లారితో పాటు హంపీ మైసూరు రాష్ట్రానికి పోయింది. రాయల రాజధానే సీమకు బయట పడింది. చారిత్రక ప్రామాణికతే పేరుకు ప్రాణమైతే, రాయలసీమ అన్న మాట ఆ రోజే చచ్చిపోవాలి. చావలేదు సరికదా, ఇంకా గట్టిపడింది.

పాలకులు రుద్దిన పేరు గుచ్చుకోదా అంటే, గుచ్చుకుంటుంది. దత్త మండలం గుచ్చుకుంది కాబట్టే రాయలసీమ వచ్చింది. కానీ గుచ్చుకున్నవాళ్లే దాన్ని మార్చుకున్నారు. గుచ్చుకోనివాళ్లు వచ్చి మార్చలేదు. మహబూబ్‌నగర్‌ను పాలమూరు అనడానికి అక్కడి జనం ఎవరి అనుమతీ అడగలేదు. 2008లో విశ్వవిద్యాలయం పెట్టినప్పుడు ప్రభుత్వమే వాళ్ల మాట అరువు తెచ్చుకుంది.

'అసలు' పేర్లు తేల్చే కమిషన్ వేయమని ఒకాయన సుప్రీంకోర్టు దాకా వెళ్లారు. 2023 ఫిబ్రవరిలో కోర్టు ఆ పిటిషన్‌ను కొట్టేసింది. ఆ కమిషన్ వేసి ఉంటే రాయలసీమ గతేమయ్యేది? కడప శాసనాల్లోని రేనాడు అని తేల్చేవారా? 128 ఏళ్ల సర్కారీ రికార్డు చూసి మళ్లీ దత్త మండలం అనేవారా? 1928లో పుట్టిన పేరు ఏ కమిషన్ పరీక్షలోనూ నెగ్గదు. సీమ జనం నోట్లో మాత్రం ఇప్పటికే నెగ్గింది.

ఇక మన ప్రభుత్వాల నిర్వాకం. 2010లో కడప జిల్లా పేరులోంచి కడపనే తీసేశారు. 2025లో తిరిగి తెచ్చి అతికించారు. రెండుసార్లూ కాగితం సచివాలయం నుంచే వచ్చింది. ఈ పార్టీ తీస్తే ఆ పార్టీ పెడుతుంది, మధ్యలో జనం రేషన్ కార్డు నుంచి పాస్‌బుక్ దాకా ఏ పేరు రాయాలో తెలియక తికమకపడతారు.

పేరు మార్చాలని ఉబలాటపడే మంత్రి ఎవరైనా ముందు ఆ ఊళ్లో సభ పెట్టాలి. వేదిక ఎక్కి ప్రకటించడానికి కాదు, కింద కూచుని వినడానికి. 1928లో పరాయి పాలన కింద ఉన్నవాళ్లు చేసిన పని అది. అంత దమ్ము లేకపోతే, బోర్డులు రాసే పెయింటర్లకు నాలుగు రోజుల కూలి చూపిస్తున్నామని ఒప్పుకోండి. చరిత్రను ఉద్ధరిస్తున్నామని మాత్రం మా దగ్గర చెప్పకండి.