ఊరంతా కాదు... ఒక్క కాలనీ!

'విశాఖపట్నంలో పట్టణీకరణ - సమస్యలు, పరిష్కారాలు.'

పీజీ చివరి ఏడాదిలో థీసిస్‌కి ప్రతిపాదన రాసుకు రమ్మంటే మొదట కాగితం మీద పడే శీర్షిక ఇంచుమించు ఇలాగే ఉంటుంది. గైడు అది చదివి, కళ్లజోడు తీసి బల్లమీద పెట్టి, 'ఎన్నేళ్లు చేద్దామనమ్మా?' అంటారు. చేతిలో ఉన్నది ఒక్క సెమిస్టరు. ఊరు చూస్తే భీమిలి నుంచి అగనంపూడి దాకా!

గాజువాకలో ఉంటూ నగర అధ్యయనాలు చదువుకునే ఓ అమ్మాయిని ఊహించుకోండి. తాతగారి ఊరు ఇప్పుడు లేదు. ఆ పొలాలున్న చోట స్టీల్‌ప్లాంటు ఉంది. 'విశాఖ ఉక్కు - ఆంధ్రుల హక్కు' అంటూ 1966లో సాగిన ఉద్యమంలో 32 మంది ప్రాణాలు పోయాయి. 1971 జనవరిలో ఇందిరాగాంధీ శంకుస్థాపన చేశారు. 1992 ఆగస్టులో పి.వి.నరసింహారావు కర్మాగారాన్ని జాతికి అంకితం చేశారు. ఇవన్నీ పుస్తకాల్లో దొరికే తేదీలు. భూములిచ్చి ఊళ్లు వదిలిన కుటుంబాలు అగనంపూడి, వడ్లపూడి, పెదగంట్యాడ వైపు నిర్వాసిత కాలనీల్లో సర్దుకున్నాయి. వాళ్ల చేతికి 'ఆర్‌ కార్డు' వచ్చింది. కార్డుతో ప్లాంటులో ఉద్యోగం దొరికినవాళ్లు కొందరు. కార్డు బీరువాలో దాచుకుని ఎదురుచూస్తూ ఉండిపోయినవాళ్లు కొందరు.

ఈ కథలు వింటూ పెరిగిన పిల్ల కూడా ప్రతిపాదన దగ్గరికి వచ్చేసరికి 'పట్టణీకరణ' అనే రాస్తుంది. చదువంటే పెద్ద మాటలే రాయాలన్న భయం మరి!

'మీ ఇంట్లో కార్డు ఉందా?' అని గైడు అడిగితే 'ఉందండీ, మా చిన్నాన్నకి ఉద్యోగం మాత్రం రాలేదు' అంటుంది. అసలు విషయం అక్కడ దొరుకుతుంది. 'ఆర్‌ కార్డుతో ఉద్యోగం వచ్చిన ఇంటికీ, రాని ఇంటికీ మూడో తరం చదువుల్లో, సంపాదనలో తేడా ఏమిటి?' ఇది ప్రశ్న. కాళ్లతో తిరిగి, నోటితో అడిగి జవాబు తెచ్చుకోగల ప్రశ్న. అయితే సొంత కాలనీ వద్దు, పక్క కాలనీ చూసుకోవాలి. చిన్నాన్న మీది అభిమానం లెక్కల్లోకి చొరబడితే కష్టం.

ఇక చాలామంది తేలిగ్గా తీసుకునేది పాత లెక్కల సంగతి. నెట్‌లో దొరికిన పాతిక వ్యాసాల సారాంశాలు అతికించేసి 'పూర్వ పరిశోధనల సమీక్ష' అనడం మామూలైపోయింది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలోని వి.ఎస్‌.కృష్ణా గ్రంథాలయం లాంటి చోట కూర్చుంటే ఇంకో సంగతి తెలుస్తుంది... ఈ ఊరికి సంబంధించి చేతిలో ఉన్న అంకెలు ఎంత పాతబడ్డాయో! 2011 జనగణన ప్రకారం విశాఖ ఇళ్లల్లో 44 శాతం మురికివాడల్లోనే ఉన్నాయి. పది లక్షలు దాటిన నగరాల్లో అదే అత్యధికం, ముంబయి కూడా దీని తర్వాతే. బాగా వాడుకోదగ్గ అంకె. కానీ ఆనాటిది. 2021లో జరగాల్సిన జనగణన వాయిదాలు పడి 2027కు వెళ్లింది. పోనీ వార్డులవారీగా పోల్చుదామంటే అదీ కుదరదు. 2007 నగరపాలక ఎన్నికలకు 72 వార్డులుంటే 2021 నాటికి 98 అయ్యాయి. నంబరు అదే అయినా వీధులు వేరు. అందుకే గడపగడపకీ వెళ్లక తప్పదని ప్రతిపాదనలో రాయాలి. 'ఫీల్డ్‌వర్కు ఎందుకు?' అన్నదానికి ఇంతకన్నా గట్టి కారణం ఇంకేం కావాలి?

ఎన్ని గడపలు? కాలనీలో 600 ఇళ్లుంటే పదింటికి ఒకటి చొప్పున 60. లెక్క సులువే. చిక్కంతా వేళల దగ్గర. ఉదయం పదకొండింటికి తలుపు కొడితే 'నైట్‌ డ్యూటీ చేసొచ్చారమ్మా, పడుకున్నారు' అంటుంది ఇంటావిడ. ప్లాంటు మూడు షిఫ్టుల్లో నడుస్తుంది. పగటిపూట మాత్రమే తిరిగితే పనికెళ్లేవాళ్ల మాటలు సర్వేలో ఉండవు. అందుకే ప్రతిపాదనలోని కాలపట్టికలో నెలలతోపాటు గంటలూ ఉండాలి. సాయంత్రాలూ ఆదివారాలూ తిరగాలంటే ఆడపిల్లకి తోడెవరన్నది ఇంట్లో తేల్చుకోవాల్సిన విషయం. అది ప్రతిపాదనలో ఉండదు గానీ, ఫీల్డ్‌వర్కు సగం దానిమీదే ఆధారపడుతుంది.

అదే క్లాసులో ఇంకొకరు ఫిషింగ్‌ హార్బరు ఎంచుకున్నారనుకోండి. వాళ్లకు క్యాలెండరే పరీక్ష. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్‌ 15 నుంచి జూన్‌ 14 దాకా మరపడవల వేట నిషేధం. వేసవి సెలవులు కదా అని మేలో వెళితే మగవాళ్లంతా ఇళ్ల దగ్గరే దొరుకుతారు, బోలెడన్ని కబుర్లూ చెబుతారు. 'పోయిన నెల సంపాదన ఎంత?' అన్న గడిలో మాత్రం సున్నాలే పడతాయి. ఏడాదంతా అంతేననుకుంటే థీసిస్‌ మొత్తం తప్పు.

స్కాట్లాండు నుంచి 1914లో మన దేశానికి వచ్చిన పాట్రిక్‌ గెడ్డెస్‌ ఊళ్లల్లో కాలినడకన తిరుగుతూ, ప్రణాళిక వేసేముందు సర్వే చెయ్యాలని పోరేవాడు. విశాఖ వాడలకు సర్వేలు కొత్త కాదు. బ్రిటిష్‌ ప్రభుత్వ సాయంతో 1988లో ఇక్కడ మురికివాడల అభివృద్ధి పథకం మొదలైంది. ఆ తర్వాతా కాగితాలు పట్టుకొచ్చేవాళ్లు వస్తూనే ఉన్నారు. 2021 జనవరిలో స్టీల్‌ప్లాంటులో పెట్టుబడుల ఉపసంహరణకు కేంద్రం నిర్ణయించాక అనుమానాలు ఇంకా పెరిగాయి. కాగితంతో కొత్త మనిషి కనిపిస్తే 'ఎవరి తరఫున?' అని అడుగుతారు. అందుకే తానెవరో, ఎందుకు అడుగుతోందో, పేర్లు బయటపెట్టనని తెలుగులో ఒక పేజీ రాసుకుని చదివి వినిపించాలి. ఇష్టంలేనివాళ్లు మధ్యలోనే మానెయ్యొచ్చని కూడా చెప్పాలి.

అంతా రాసుకుని, ప్రశ్నలు పనికొస్తాయో లేదో చూద్దామని ఐదారిళ్లకు వెళ్లిందనుకోండి. అరుగుమీద కూర్చున్న మామ్మ 'ఏటమ్మా, రాసుకోడానికొచ్చావా? నీ ముందొచ్చినోల్లూ రాసుకునే ఎల్లారు. ఏటయిందో మల్లీ వొచ్చి సెప్పినోల్లు లేరు' అనడం ఖాయం. దానికి జవాబు ఏ పద్ధతుల పుస్తకంలోనూ ఉండదు.

అమ్మాయి ఇంటికొచ్చి కాలపట్టిక చివర ఇంకో వరుస చేరుస్తుంది. 'థీసిస్‌ సమర్పించాక, తేలిన విషయాలను కాలనీ రామకోవెల దగ్గర తెలుగులో చదివి వినిపించడం.'

'దీనికెన్ని రోజులు?' అంటారు గైడు.

'ఒక్క ఆదివారం చాలండీ.'

ఆయన పెన్ను తీసి సంతకం పెడతారు.